హేతువాదికి మంత్రగాళ్ళ ఆటతో పనేమిటి?

“నువ్వు హేతువాదివి కదా, మంత్రగాళ్ళూ శాపాలూ ఉండే ఆట పిల్లల చేత ఎలా ఆడిస్తావయ్యా?” అని ఈ మధ్య నన్ను ఇద్దరు అడిగారు. ఒకాయన మన సంఘం మిత్రుడే, పక్కా నాస్తికుడు. రెండో ఆవిడ నోములూ వ్రతాలూ ఒక్కటీ వదలని మా వీధి మామ్మగారు. ఇలాంటి ఇద్దరూ కలిసి ఒకే ప్రశ్న వేయడం నాకు భలే తమాషాగా అనిపించింది. పిల్లల్లో మూఢనమ్మకాలు పెరుగుతాయని ఆయన భయం. పిల్లలకు గాలి సోకుతుందని ఆవిడ భయం. ఇద్దరికీ చెప్పవలసింది ఒకటే కనుక రాసేస్తున్నాను. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. మా రాయపూర్ కాలనీలో రైల్వే కుటుంబాలే ఎక్కువ. 1931లో విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయిన దగ్గర్నుంచీ ఉత్తరాంధ్ర వాళ్ళు ఆ లైను పట్టుకుని ఇటు వస్తూనే ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో చేరే అయిదుగురు పిల్లల తాతలదీ శ్రీకాకుళమో, బొబ్బిలో. పిల్లలు మాత్రం సగం హిందీ, సగం తెలుగు, కోపం వస్తే ఛత్తీస్‌గఢీ.

ఈ ఆటకు చదరంగంలా గడుల బల్ల తప్పనిసరి కాదు. పేకముక్కలు లేవు. గెలిచినవాడూ ఓడినవాడూ ఉండరు. ఒకరు ఆట నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. నడిపేవాడిని డంజన్ మాస్టర్ అంటారు, మా పిల్లలకు ‘మాస్టరు’. ‘పాడుబడ్డ కోట ముందు నిలబడ్డారు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల్నించి తడి వాసన వస్తోంది. ఏం చేస్తారు?’ అని నేను అడుగుతాను. వాళ్ళు చెప్తారు. ఒకడు తలుపు తోస్తానంటాడు, ఒకతి ముందు రాయి విసిరి చూద్దామంటుంది. ఫలితం ఖాయంగా తెలిసే పని అయితే నేనే చెప్పేస్తాను. తెలియని పని అయితే ఇరవై ముఖాల పాచిక వేయిస్తాను. అంతే ఆట. మిగతా వందల పేజీల నిబంధనలన్నీ దీని చుట్టూ అల్లినవే.

దీని పుట్టుక మంత్రాల్లో లేదు, యుద్ధవిద్యలో ఉంది. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి 1824లో సైనికాధికారుల శిక్షణ కోసం ఒక యుద్ధక్రీడను తయారుచేశాడు. పటం మీద దిమ్మెలు జరపడం, నష్టాలు పాచికలతో లెక్కించడం, రెండు పక్షాల మధ్య ఒక తీర్పరి. ఎవరికి ఏం కనపడుతుందో, ఏం కనపడదో తేల్చేది ఆ తీర్పరే. మన డంజన్ మాస్టర్‌కు ముత్తాత ఆయన. తర్వాత 1913లో హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే యుద్ధం మీద చిన్న పుస్తకమే రాశాడు. వెల్స్ అంటే మన మిత్రులకు వేరే పరిచయం అక్కర్లేదనుకుంటాను.

అసలు మలుపు 1969లో, అమెరికాలోని మిన్నెసోటాలో వచ్చింది. డేవిడ్ వెస్లీ అనే కుర్రాడు నెపోలియన్ కాలపు యుద్ధక్రీడ ఒకటి నడుపుతూ, బ్రౌన్‌స్టీన్ అనే ఊహాపట్టణాన్ని పెట్టి, సైన్యాలు నడిపే ఇద్దరికే కాకుండా వచ్చిన ప్రతివాడికీ ఆ ఊళ్ళో ఒక మనిషి పాత్ర ఇచ్చాడు. ఆటగాళ్ళు సైన్యాల సంగతి మరిచిపోయి ఒకరితో ఒకరు మంతనాలు మొదలుపెట్టారు. ఆట చెయ్యి దాటిపోయిందని వెస్లీ నీరసపడ్డాడు. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడు పెడతావని వెంటపడ్డారు! అంతవరకూ ‘సేన’ను నడిపిన ఆటగాడు ఆ రోజు మొదటిసారి ‘మనిషి’ అయ్యాడు. అదే బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఈ పద్ధతిని కోటల కిందికి, నేలమాళిగల్లోకి తీసుకుపోయాడు. బ్లాక్‌మూర్ అని దానికి పేరు. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే ఊళ్ళో ఉండే గ్యారీ గైగాక్స్ అప్పటికే మధ్యయుగాల యుద్ధాల మీద నిబంధనలు రాసి ఉన్నాడు. ఇద్దరూ కలిశారు. 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాలు, ఒక పెట్టె, పది డాలర్లు, మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు.

పాత్ర ఎంచుకోవడం అన్నానుగా, నన్ను పట్టేసిన చరిత్ర అక్కడే ఉంది.

1974 పుస్తకం ప్రకారం ప్రతి పాత్రకూ ఆరు గుణాలు: బలం, తెలివి, వివేకం, దేహదారుఢ్యం, చురుకు, ఆకర్షణ. ఒక్కో గుణానికి మామూలు పాచికలు మూడు వేస్తారు. వచ్చిన మొత్తమే ఆ గుణానికి అంకె. 3 నుంచి 18 దాకా ఏదైనా రావచ్చు. మూడు పాచికలు పడే తీరులు 216. వాటిలో 18 వచ్చేది ఒక్కటే, 3 వచ్చేదీ ఒక్కటే. 10 గానీ 11 గానీ వచ్చేవి 54, అంటే సరిగ్గా నాలుగో వంతు. లోకంలో మహాబలుడూ మహామూర్ఖుడూ అరుదు, మధ్యస్థులు ఎక్కువ అనే సంగతి పాచికలే చెప్పేస్తాయి. మా పిల్లల్లో ఏడో తరగతి చదివే కుర్రాడు ఈ 216 లెక్క వేళ్ళ మీద వేసి చూపించిన రోజు, బడిలో సంభావ్యత పాఠం వాడికి ఎందుకు ఎక్కలేదా అని ఆశ్చర్యపోయాను.

ఆ తొలి పుస్తకంలో పాచికలు వేసేది ఆటగాడు కాదు, ఆట నడిపేవాడు. ఆరు అంకెలూ ఆయన వేసి చేతిలో పెడితే, దాన్నిబట్టి నువ్వు యోధుడివా, మాంత్రికుడివా, పూజారివా అన్నది తేల్చుకోవాలి. దీన్ని మనం ఎక్కడో చూశాం కదూ? పుట్టగానే ఎవరో ఒక కాగితం మీద అంకెలూ గళ్ళూ గీసి, నీ బతుకు ఇదీ అని చేతిలో పెట్టడం! అక్షరాలా జాతకమే. తేడా అల్లా, ఈ జాతకం రాసినవాడు దక్షిణ తాంబూలం అడగలేదు.

మరి జాతిభేదం? ఆ పుస్తకంలో మనుషులే కాక మరుగుజ్జులు, ఎల్ఫులు, హాబిట్లు కూడా ఉన్నారు. మరుగుజ్జుగా పుట్టినవాడు యోధుడు మాత్రమే కాగలడు, అదీ ఆరో స్థాయి వరకే. హాబిట్‌కు నాలుగో స్థాయి దాటదు. మనిషికి మాత్రం హద్దు లేదు. పుట్టుకను బట్టి వృత్తి, పుట్టుకను బట్టి ఎదుగుదలకు కప్పు! మనుధర్మశాస్త్రం చదవని అమెరికావాళ్ళు కూడా కూర్చుని నిబంధనలు రాయమంటే ఇదే రాశారు. 1978లో వచ్చిన పెద్ద పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేసి, స్త్రీ పాత్రలకు బలం ఇంతకు మించకూడదని పట్టిక వేసి మరీ పెట్టారు. నిప్పులు కక్కే డ్రాగన్‌ను నమ్మడానికి ఇబ్బంది లేదుగానీ బలమైన ఆడమనిషిని నమ్మడానికి ఇబ్బంది వచ్చిందన్నమాట.

కానీ ఈ నిబంధనలు వేదాలు కావు. అపౌరుషేయాలు అసలే కావు. రాసింది ఫలానావాడని పుస్తకం అట్ట మీదే ఉంది. కాబట్టి ఆడినవాళ్ళు పోట్లాడారు, మార్చుకున్నారు. 1979 నాటి డంజన్ మాస్టర్ గైడులో నాలుగు పాచికలు వేసి చిన్నది తీసేసే పద్ధతి చేరింది. వచ్చిన అంకెల్ని ఏ గుణానికి పెట్టుకోవాలో ఆటగాడే నిర్ణయించుకోవచ్చు. సగటు కూడా పదిన్నర నుంచి పన్నెండు దాటింది. 1989 కూర్పులో స్త్రీల బలం మీద కట్టిన గోడ పోయింది. 2000లో వచ్చిన మూడో కూర్పులో ఏ జాతివాడైనా ఏ వృత్తైనా చేపట్టవచ్చు, ఎంతవరకైనా ఎదగవచ్చు. పాచికలే లేకుండా, ఇచ్చిన పాయింట్లను బజారులో ఖర్చుపెట్టినట్టు గుణాల మీద పెట్టుకునే పద్ధతి కూడా నిలదొక్కుకుంది. 2024 కూర్పుకొచ్చేసరికి ‘జాతి’ అనే మాటనే తీసేశారు. గుణాలకు వచ్చే అదనపు అంకెలు పుట్టుకను బట్టి కాక, ఆ పాత్ర ఇంతకుముందు ఏ పని చేసి బతికిందో దాన్నిబట్టి వస్తాయి. ఇదంతా పాడుచేయడమేనని గొణిగే పాత ఆటగాళ్ళు ఉన్నారు. ఉండనివ్వండి. యాభై ఏళ్ళలో ఒక ఆట జాతకం నుంచి ఎంపిక దాకా నడిచి వచ్చింది. మన పెళ్ళిసంబంధాలు ఇంకా ఎక్కడున్నాయో నేను చెప్పక్కర్లేదు.

మన వైకుంఠపాళితో పోల్చి చూడండి. గవ్వలు వేస్తాం. నిచ్చెన వస్తే ఎక్కుతాం, పాము వస్తే దిగుతాం. ఆ గళ్ళ మీద పుణ్యాలూ పాపాలూ రాసి ఉంటాయి గానీ, ఏ పుణ్యం చేయాలో, ఏ పాపం మానాలో ఆడేవాడు ఒక్కసారి కూడా నిర్ణయించుకోడు. పరమపదానికి పోయినవాడు ఏమీ చేయకుండానే పోయాడు, పాము నోట్లో పడ్డవాడూ అంతే. కర్మ సిద్ధాంతం నేర్పడానికి పెట్టిన ఆటలో కర్మకు చోటే లేదు! చిన్నప్పుడు నాకు ఈ ఆట ఇష్టమే, కాదనను.

పాచికల విషయంలోనూ అంతే. నలుడి కథలో కలి నలుణ్ణి పట్టుకుంటాడు, ద్వాపరుడు పాచికల్లో దూరతాడు. పాచిక తిరగబడిందంటే లోపల ఎవరో ఉన్నారని అర్థం. అదే కథలో ఋతుపర్ణుడు ఒక చెట్టు ఆకులూ కాయలూ లెక్కగట్టి చెప్పి, పాచికల విద్య కూడా ఈ లెక్కల విద్యే అన్న సూచన చేస్తాడు. సంభావ్యత చరిత్ర రాసిన ఇయాన్ హ్యాకింగ్ 1975లో దీన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపాడు. మనవాళ్ళు ఆ రెండింటిలో ద్వాపరుణ్ణి గుర్తుపెట్టుకుని ఋతుపర్ణుణ్ణి మరిచిపోయారు. ఇరవై ముఖాల పాచికలో ఒక్కో ముఖం నూటికి అయిదుసార్లు పడుతుంది. వరసగా మూడుసార్లు 1 పడిందని పాచికను తిట్టి పక్కన పెట్టే పిల్లలు నా దగ్గరా ఉన్నారు. అప్పుడు కాగితం తెచ్చి రెండు వందలసార్లు వేసి గుర్తు పెట్టమంటాను. ఆ పని చేశాక పాచికకు పట్టిన దయ్యం దానంతట అదే వదిలిపోతుంది.

ఆ మధ్యలో మన దేవుళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1980లో ఆ కంపెనీ లోకంలోని దేవుళ్ళందరినీ ఒక పుస్తకంగా అచ్చువేసింది. గ్రీకులు, ఈజిప్టువాళ్ళు, వాళ్ళతోపాటు మన ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు, విష్ణువు, కాళి. ఒక్కొక్కరికీ ఇన్ని హిట్ పాయింట్లు, కవచం బలం ఇంత, మంత్రశక్తి ఇంత అని పట్టిక. హిట్ పాయింట్లు ఉన్నాయంటే అర్థం ఏమిటి? అన్ని దెబ్బలు పడితే పోతాడని! యముడికే చావు రాసిన పుస్తకం అది. ఇక రాక్షసుడిది ఇంకా విడ్డూరం. 1977 నాటి రాక్షసుల పుస్తకంలో మన ‘రాక్షస’ పులి తలతో, చేత పొగగొట్టం పట్టుకుని దర్జాగా కూర్చుని ఉంటాడు. మంత్రించిన బాణంతో కొడితే చస్తాడట. ఇది రామాయణంలో లేదు, మహాభారతంలో లేదు. అప్పట్లో అమెరికన్ టీవీలో వచ్చిన ఒక భయానక ధారావాహికలోంచి గైగాక్స్ ఎత్తుకున్నాడు. ఒక టీవీ రచయిత కల్పన మూడేళ్ళలో ‘భారతీయ పురాణం’ అయిపోయింది. మన స్థలపురాణాలు ఎలా పుట్టి ఉంటాయో ఊహించడానికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇక్కడైతే తేదీలతో సహా పట్టుకోగలం.

ఇప్పుడు మిత్రుడి భయం, మామ్మగారి భయం. ఈ రెండు భయాలూ కలిసి ఒక దేశాన్ని పదేళ్ళు ఊపేశాయి.

1979 ఆగస్టులో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 16 ఏళ్ళ విద్యార్థి కనపడకుండా పోయాడు. చాలా తెలివైన కుర్రాడు, చాలా ఒంటరి. వెతకడానికి పెట్టిన ప్రైవేటు డిటెక్టివ్, ఈ ఆట ఆడుతూ యూనివర్సిటీ కింద ఆవిరి గొట్టాల సొరంగాల్లోకి పోయి ఉంటాడని ఒక ఊహ వదిలాడు. పత్రికలు దాన్ని ఊహగా కాక వార్తగా వేశాయి. నెల తిరక్కుండా కుర్రాడు వేరే రాష్ట్రంలో, లూసియానాలో, బతికే దొరికాడు. వాడి కష్టాలు వేరు, ఆటకు సంబంధం లేనివి. మరుసటి ఏడాది ఆ కుర్రాడు చనిపోయాడు. డిటెక్టివే 1984లో పుస్తకం రాసి, ఆట కారణం కాదని ఒప్పుకున్నాడు. కానీ అప్పటికి 1981లో నవల వచ్చేసింది, 1982లో టామ్ హాంక్స్ నటించిన టీవీ సినిమా కూడా వచ్చేసింది. సినిమా చూసినవాళ్ళలో ఆ పుస్తకం చదివినవాళ్ళు ఎందరుంటారు?

1982లో వర్జీనియాలో ఒక తల్లికి కొడుకు పోయాడు. ఆత్మహత్య. ఆమె పేరు పాట్రీషియా పుల్లింగ్. ఆటలో తన కొడుకు పాత్రకు పెట్టిన శాపమే నిజంగా తగిలిందని ఆమె నమ్మింది. కోర్టుకు వెళ్ళింది, కేసు నిలవలేదు. 1983లో ఈ ఆటకు వ్యతిరేకంగా ఒక సంస్థ పెట్టి దేశమంతా తిరిగింది, టీవీల్లో మాట్లాడింది, పోలీసులకు పాఠాలు చెప్పింది. ఆమె శోకాన్ని నేను వెక్కిరించను. బిడ్డ పోయిన తల్లి కారణం వెతుక్కుంటుంది. కానీ ఆమె చెప్పినదాన్ని విని తలూపిన విలేకరులకూ, పోలీసు అధికారులకూ ఆ మినహాయింపు ఇవ్వలేను. ఆట ఆడిన ఫలానా ఇంతమంది పిల్లలు చనిపోయారని జాబితాలు చదివారు. ఆ రోజుల్లో అమెరికాలో 15 నుంచి 24 ఏళ్ళ వాళ్ళలో ఏటా లక్షకు పన్నెండు మంది దాకా ఆత్మహత్య చేసుకునేవారు. పది లక్షల మంది పిల్లలు ఒక ఆట ఆడుతున్నారనుకోండి, ఆటకు ఏ సంబంధమూ లేకుండానే వాళ్ళలో ఏటా నూట ఇరవై మంది పోతారు. జాబితాలో అంతకంటే తక్కువ ఉంటే ఆట కాపాడుతోందని వాదించవచ్చు! ఈ చిన్న లెక్క వెయ్యడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 1990లో మైకేల్ స్టాక్‌పోల్ అనే రచయిత ఆ ఆరోపణలన్నీ ఒక్కొక్కటే తీసి, ఇలాంటి లెక్కలతోనే విప్పి చూపించాడు. ఆయన స్వయంగా ఆటలు తయారుచేసేవాడు కనుక పక్షపాతం ఉందనవచ్చు. అందుకే ఆయన్ని నమ్మొద్దు, లెక్క చూసుకోండి.

ఇంకోటి. 1984లో జాక్ చిక్ అనే క్రైస్తవ ప్రచారకుడు దీనిమీద బొమ్మల కరపత్రం వేశాడు. అందులో ఆట బాగా ఆడిన అమ్మాయిని తీసుకెళ్ళి నిజమైన మంత్రగత్తెల గుంపులో చేరుస్తారు, ఆ అమ్మాయికి నిజమైన మంత్రశక్తి వస్తుంది. చూశారా, మంత్రాలు నిజమని నమ్మింది ఎవరు? బల్ల చుట్టూ కూర్చున్న పిల్లలా, కరపత్రం వేసినవాడా? ‘నిప్పుబంతి మంత్రం వేస్తున్నాను’ అన్న కుర్రాడికి అది ఎనిమిది పాచికల లెక్క అని తెలుసు, పాచికలు కూడబెట్టుకోవాలి కూడా. పిల్లలు కల్పనకూ నిజానికీ తేడా తెలుసుకోలేరని గోల పెట్టినవాళ్ళకే ఆ తేడా తెలియలేదు. కంపెనీ ధైర్యం చేసిందా అంటే అదీ లేదు. 1989 కూర్పులో దయ్యాల పేర్లు తీసేసి, తర్వాత నోరు తిరగని కొత్త పేర్లతో వాటినే వెనక్కి తెచ్చింది. గైగాక్స్ నాస్తికుడు కూడా కాడు, క్రైస్తవుడే.

నమ్మకం లేనివాడు అద్భుతకథ చెప్పలేడనే అపోహ మనవాళ్ళలోనూ ఉంది. తెలుగు పిల్లలకు మాంత్రికుల కథలు తినిపించిన చందమామను 1952 నుంచి 1980లో చనిపోయేదాకా వెనక ఉండి నడిపించినవాడు కొడవటిగంటి కుటుంబరావు. మార్క్సిస్టు, హేతువాది. బేతాళుడు ప్రతి నెలా శవంలోకి దూరింది ఆయన కళ్ళ ముందే. మొదటి పాతిక కథలు అయిపోయినా బేతాళుణ్ణి దశాబ్దాల పాటు నడిపించారు. కథ చెప్పి, చివర ఆపి, న్యాయం నువ్వు చెప్పమని వినేవాణ్ణి అడగడం. నేను ఆదివారం చేసే పని అదే. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో మొదలుపెట్టిన ‘తోకచుక్క’ తరహా ధారావాహికలు చదివి పెరిగినవాళ్ళెవరూ, నాకు తెలిసినంతలో, మంత్రదండం కోసం అడవికి పోలేదు.

ఇంతవరకూ చెప్పింది మిన్నెసోటా, మద్రాసు. నేనుండేది రాయపూర్. ఇక్కడ ఈ చర్చ ఇంత తేలిగ్గా అయిపోదు.

మా దగ్గర ఒక మాట ఉంది: టోనహీ. మంత్రగత్తె అన్నమాట. ఊళ్ళో గొడ్డు చచ్చినా, బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, పంట పోయినా కారణం ఒక టోనహీ. అది ఎవరన్నది బైగా చెప్తాడు. వేలు చూపేది ఎక్కువగా విధవరాలి మీద, పిల్లలు లేని ఆడదాని మీద, కాస్తో కూస్తో పొలం ఉండి అండ లేనిదాని మీద. శ్రావణ అమావాస్యనాడు హరేలీ పండుగ. పిల్లలకు గేడీ అనే పొడుగుకర్రలెక్కి నడిచే సంబరం, రైతులకు నాగళ్ళ పూజ. అదే రాత్రి టోనహీలు తిరుగుతారని గుమ్మాలకు వేపరెమ్మలు కడతారు. రాయపూర్‌లో కంటివైద్యుడు డాక్టర్ దినేశ్ మిశ్రా, ఆయన అంధశ్రద్ధా నిర్మూలన సమితి, ఎన్నో ఏళ్ళుగా ఊరూరా తిరిగి ఏ ఆడదీ టోనహీ కాదని చెబుతున్నారు. 2005లో రాష్ట్ర ప్రభుత్వం టోనహీ వేధింపుల నివారణ చట్టం తెచ్చింది. ఒకరిని టోనహీ అని వేలు చూపితేనే మూడేళ్ళ దాకా జైలు, వేధిస్తే అయిదేళ్ళ దాకా. చట్టం వచ్చినా చంపడాలు ఆగిపోలేదు. దేశంలో ఏటా వచ్చే నేర గణాంకాల్లో హత్యలకు కారణాల పట్టికలో ‘మంత్రవిద్య’కు ఇప్పటికీ ఒక గడి ఉంది.

ఈ ఊళ్ళో కూర్చుని ఒక పదమూడేళ్ళ పిల్ల ‘నేను మంత్రగత్తెనవుతా’ అని పాత్ర కాగితం మీద రాసుకుంటే ఏం చేయాలి? మా బల్ల దగ్గర జరిగిందే. ఆ పిల్లకు బలం 6, తెలివి 16 పడ్డాయి. మాంత్రికురాలు కాక ఏమవుతుంది? పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వి ‘టోనహీ’ అన్నాడు. మిగతావాళ్ళు నవ్వలేదు. వాళ్ళలో ఒకరి ఇంట్లో పని చేసే మనిషి సొంత ఊరు వదిలి రాయపూర్ వచ్చింది ఆ మాట వల్లేనని వాళ్ళందరికీ తెలుసు. మామ్మగారు వచ్చి “ఏటి బాబూ, పిల్లల్చేత దయ్యాలాట ఆడిస్తన్నావట?” అని అడిగింది ఆ వారమే.

నేను ఆట ఆపలేదు. ఎందుకంటే ఆ పిల్ల చేసిందీ బైగా చేసేదీ పైకి ఒకే మాటలా కనపడే రెండు వేరు వేరు పనులు. ఆ పిల్ల పాత్ర తనే ఎంచుకుంది, కాగితం మీద రాసుకుంది, అయిదింటికి మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి పోతుంది. తన మంత్రం ఎంత దూరం పనిచేస్తుందో, రోజుకు ఎన్నిసార్లు వేయవచ్చో పుస్తకంలో ఉంది. ఎవరైనా పుస్తకం తెరిచి ‘అది కుదరదు’ అనవచ్చు. ఊళ్ళో ఆ ఆడమనిషికి పాత్ర ఇంకొకరు అంటగట్టారు. ఆమెను అడగలేదు. నిబంధన ఏదీ రాసి లేదు, కనుక తప్పని నిరూపించే దారి లేదు. ఒప్పుకుంటే టోనహీ, ఒప్పుకోకపోతే మొండి టోనహీ. ఆ పాత్రను మడిచి సంచిలో పెట్టే సాయంత్రం ఆమెకు రాదు. అందరూ ఆడుతూ ఎవరూ ఇది ఆట అనుకోని ఆట అది. 1974 పుస్తకంలో పాచికలు వేసి చేతిలో పెట్టిన రిఫరీ కూడా ఇంత అన్యాయం చేయలేదు.

ఒక్క పని మాత్రం చేశాను. మా ఆటలో మాంత్రికులు ఉంటారు, భూతాలుంటాయి, పులితల రాక్షసుడు పొగగొట్టంతో సహా ఉంటాడు. ‘టోనహీ’ అనే జీవి ఉండదు. ఆ పేరుతో బతికున్న మనుషులున్నారు కనుక. పిల్లలతో మాట్లాడే ఈ ఒప్పందం పెట్టుకున్నాం. నవ్విన కుర్రాడు కూడా ఒప్పుకున్నాడు.

తర్వాత ఒక సాహసయాత్ర తయారుచేశాను. దీన్ని నడపడం గురించి కాస్త చెప్పాలి, ఎవరైనా ప్రయత్నిస్తారేమోనని. ఊహాలోకంలో ఒక ఊరు. డ్రాగన్లు నిజంగా ఎగురుతున్న లోకం, మంత్రాలు నిజంగా పనిచేసే లోకం. ఆ ఊళ్ళో గొడ్లు చస్తున్నాయి. చివరి ఇంటి ముసలమ్మ చంపుతోందని ఊరంతా అంటోంది, సాహసికులను పిలిచి ఆమెను వెళ్ళగొట్టమంటోంది. కూలి యాభై బంగారు నాణేలు. ఇక్కడ కిటుకు ఒక్కటే: మాస్టరు దగ్గర జవాబు ముందే రాసి ఉండాలి. గొడ్లు ఎక్కడ తాగుతున్నాయి, ఏ రోజున ఏది చచ్చింది, ఎవరి పొలం ఎవరి పొలానికి ఆనుకుని ఉంది, అన్నీ పటం మీద గుర్తుపెట్టాలి. ఆటగాళ్ళు అడిగినదానికి నిజం చెప్పాలి, అడగనిది చెప్పకూడదు. మధ్యలో కథ బాగుంటుందని జవాబు మార్చామో, మనం బైగాకు తమ్ముళ్ళం అయిపోతాం. 1974 పుస్తకంలోనే సామాన్ల జాబితాలో పది అడుగుల కర్ర ఒకటుంది, ఒక బంగారు నాణెం. అడుగు వేసే ముందు నేలను పొడిచి చూసుకోవడానికి. ఇన్ని మంత్రఖడ్గాల మధ్య నాకు ఆ కర్ర మీదే గౌరవం.

మొదటి ఆదివారం పిల్లలు నేరుగా ముసలమ్మ ఇంటికి పోయారు. తలుపు కొట్టారు. ఆమె తలుపు తీయలేదు. యోధుడి పాత్ర వేసేవాడు తలుపు పగలగొడతానన్నాడు, పాచిక వేస్తే 4 వచ్చింది, పగల్లేదు. అంతలో మాంత్రికురాలి పాత్ర వేసే పిల్ల అడిగింది: “చచ్చిన గొడ్ల లెక్క ఎవరి దగ్గరుంది? ముసలమ్మ ఈ ఊరికి రాకముందు ఏడాదికి ఎన్ని చచ్చేవి?”

నేను పటం కింద దాచిన కాగితం తీశాను. ఆ అంకె దాని మీద రాసి ఉంది.